ఆదాయపు పన్నూ - రైతుబిడ్డా

(బి.ఎస్సి. మూడవ సంవత్సరం విద్యార్థి)

మా ఊళ్లలో పన్ను అనే మాటకి చాలాకాలంగా రెండే అర్థాలు. ఒకటి తాతల నాటి భూమి శిస్తు, నీటి తీరువా. రెండోది పంచాయతీ వాళ్లు వసూలు చేసే ఇంటి పన్ను. ఆదాయపు పన్ను మాత్రం పట్నం వాళ్ల వ్యవహారం. సినిమా వాళ్ల ఇళ్ల మీద దాడులు జరిగితే పేపర్లో చదువుకోవడానికి, ఉద్యోగస్థులు మార్చి నెల జీతం చూసుకుని నిట్టూర్చడానికి పనికొచ్చే విషయం. రైతుకి ఆదాయపు పన్ను లేదు, కనుక రైతుబిడ్డకి దాని సంగతి తెలియనక్కర లేదు. ఇదీ మనలో చాలామంది నమ్మకం. ఈ నమ్మకంలో సగం నిజం. మిగిలిన సగం గురించి నాలుగు మాటలు మనవి చేసుకుందామనే ఈ వ్యాసం.

నేను కామర్సు విద్యార్థిని కాను. చదివేది గణితం, భౌతిక, రసాయన శాస్త్రాలు. మరి పన్నుల మీద రాయడానికి నీకేమిటి అర్హత అని మిత్రులు అడగవచ్చు. అర్హత ఒక్కటే. 2025 జులైలో నా మొదటి ఆదాయపు పన్ను రిటర్న్ నేనే కూర్చుని, నేనే చదివి, నేనే దాఖలు చేశాను. రిటర్న్ అంటే ఏడాది పొడుగునా మనకు వచ్చిన ఆదాయం లెక్కను మనంతట మనం ప్రభుత్వానికి ఒప్పజెప్పే పత్రం. నేను కట్టాల్సిన పన్ను సున్నా. అయినా సరే, ఆ సున్నా దాకా వెళ్లే దారిలో నేను తెలుసుకున్న విషయాలు కొన్ని ఉన్నాయి. అవి మన కాలేజీలో ప్రతి విద్యార్థికీ, ముఖ్యంగా పల్లెల నుంచి వచ్చిన వారికి తెలిసి ఉండాలని నా అభిప్రాయం.

ముందు కాస్త చరిత్ర. మన దేశంలో ఆదాయపు పన్ను 1860లో మొదలైంది. 1857 తిరుగుబాటుతో అప్పుల పాలైన ఖజానాని నింపడానికి జేమ్స్ విల్సన్ అనే ఇంగ్లీషు దొర తెచ్చిపెట్టిన పన్ను ఇది. అప్పట్లో భూమి మీద వచ్చే ఆదాయాన్ని కూడా వదల్లేదు. 1886 చట్టంతో వ్యవసాయ ఆదాయానికి మినహాయింపు వచ్చింది. స్వతంత్రం వచ్చాక మన రాజ్యాంగం కూడా ఆ గీత చెరపలేదు. వ్యవసాయేతర ఆదాయం మీద పన్ను కేంద్రానికి, వ్యవసాయ ఆదాయం మీద పన్ను వేసే అధికారం రాష్ట్రాలకి అని పంచిపెట్టింది. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టమూ అదే బాటలో నడిచింది. అంటే రైతుకి పన్ను లేదన్నది ఎవరో దయతలచి ఇచ్చిన వరం కాదు, రాజ్యాంగంలోనే ఉన్న ఏర్పాటు. అయితే ఆ మినహాయింపు పంటకి. రైతు ఇంట్లో పుట్టిన ప్రతి రూపాయికీ కాదు. చిక్కంతా ఇక్కడే వస్తుంది.

మా సంగతే చెబుతాను. మాకు మూడెకరాలుండేది. ఎత్తిపోతల పథకం కాలువ కింద ఒక ఎకరం పోయింది. వచ్చిన పరిహారంలో 8 లక్షలు నాన్న నా పేరున బ్యాంకులో ఫిక్సెడ్ డిపాజిట్ వేశాడు. "ఇది నీ పై చదువుకి. పొలం ఎలాగూ పోయింది, చదువన్నా నిలబడాలి" అన్నాడు. నూటికి ఏడు వడ్డీ. మూడు నెలలకోసారి 14,000 రావాలి. నా ఖాతాలో పడింది మాత్రం 12,600. ఏడాదిలో నాలుగుసార్లూ అంతే. నాన్న పాసుపుస్తకం తిరగేసి, "భూమి డబ్బుకి పన్ను లేదన్నారు గదరా, మరి ఈ పద్నాలుగు వందలూ ఎవరు కోసినట్టు?" అన్నాడు. బ్యాంకులో అడిగితే కౌంటరులో ఆయన "టీడీఎస్" అని ఒక్క ముక్క చెప్పి తర్వాతి మనిషిని పిలిచాడు.

నాన్న అన్నది తప్పు కాదు. 2013 భూసేకరణ చట్టం కింద ఇచ్చిన పరిహారం మీద ఆదాయపు పన్ను లేదు. తండ్రి కొడుక్కి ఇచ్చిన డబ్బు మీదా పన్ను లేదు. కానీ ఆ డబ్బు బ్యాంకులో కూర్చుని పిల్లలు పెట్టిందే, ఆ వడ్డీ మాత్రం భూమీ కాదు, పంటా కాదు. అది ఆదాయం. నాకు పద్దెనిమిదేళ్లు నిండకపోతే ఆ వడ్డీని అమ్మానాన్నల ఆదాయంలో కలిపి చూసేవారు. మేజర్ని అయ్యాను కనుక అది అచ్చంగా నాదే. 2024-25లో బ్యాంకు వడ్డీ ఏడాదికి 40,000 దాటితే నూటికి పది చొప్పున మినహాయించి ప్రభుత్వానికి జమ కట్టాలన్నది నిబంధన. 2025 ఏప్రిల్ నుంచి ఆ హద్దు 50,000 చేశారు. నా వడ్డీ 56,000. కోసింది 5,600. పన్ను కట్టాల్సినంత ఆదాయం లేనివాళ్లు సంవత్సరం మొదట్లోనే 15జీ అనే పత్రం ఇస్తే ఈ కోత ఉండేది కాదు. డిపాజిట్ వేసిన రోజున ఆ మాట మా నాన్నతో అన్నవాళ్లు లేరు.

ఇప్పుడు అసలు ప్రశ్న. కొత్త పన్ను విధానంలో 2024-25 ఆదాయానికి 3 లక్షల దాకా పన్నే లేదు. నా మొత్తం ఆదాయం, సేవింగ్స్ ఖాతాలో పడిన 312 రూపాయలతో కలిపి 56,312. కాబట్టి నేను పన్ను కట్టనక్కర లేదు. చట్టం ప్రకారం రిటర్న్ వెయ్యాల్సిన పనీ లేదు. కానీ 5,600 రూపాయలు మా డబ్బు ప్రభుత్వం దగ్గర ఉంది. అడగందే అమ్మయినా పెట్టదంటారు. ప్రభుత్వాన్ని అడిగే పద్ధతి రిటర్న్. ఇంకో దారి లేదు.

ఆ మాట ఇంట్లో అనగానే మా మావయ్య అడ్డుపడ్డాడు. "ఒరే, ఐటీ జాబితాలోకి ఎక్కితే ఇక దిగడం ఉండదు. రేషన్ కార్డు పోద్ది. మీ నాన్నకి పీఎం కిసాన్ ఆగిపోద్ది. అయిదారు వేలకి ఆశపడి ఇల్లు గుల్ల చేసుకుంటారా?" మిత్రులారా, ఈ భయాన్ని చూసి నవ్వకండి. పల్లెలో ప్రతి ఇంట్లోనూ ఇది ఉంది. కార్డు పోతే ఏమవుతుందో కార్డు మీద బతికే వాళ్లకే తెలుసు. మన క్లాసులోనే ఫీజు రీయింబర్స్‌మెంట్ మీద చదివే వాళ్లు ఎందరో ఉన్నారు. వాళ్లకి ఇది చిన్న సంగతి కాదు.

అందుకే ఆ నిబంధన తీసి చదివాను. పీఎం కిసాన్‌కి అనర్హులు ఎవరంటే, గత మదింపు సంవత్సరంలో ఆదాయపు పన్ను చెల్లించిన వారు. చెల్లించిన వారు అని ఉంది, రిటర్న్ వేసిన వారు అని లేదు. సున్నా పన్ను చూపి, కోసిన డబ్బు వెనక్కి అడిగినవాడు పన్ను చెల్లించినవాడు కాడు. రిటర్న్ పరిశీలించాక ఆదాయపు పన్ను శాఖ ఒక సమాచార పత్రం పంపిస్తుంది. నా పత్రంలో పన్ను సున్నా అని స్పష్టంగా ఉంది. ఎక్కడైనా ఏ కంప్యూటరైనా వేసినవాణ్ణీ కట్టినవాణ్ణీ ఒకే గాటన కడితే, చూపించడానికి ఆ కాగితం ఉంది. కాగితం లేనివాడే భయపడాలి. రిటర్న్ వెయ్యకపోయినా కోసిన టీడీఎస్ పాన్ నంబరు మీద ప్రభుత్వం పుస్తకాల్లో ఉండనే ఉంటుంది. మనం మాట్లాడకపోయినంత మాత్రాన మన పేరు అక్కడ లేకుండా పోదు.

ఇక ఆ పత్రం నింపడం ఎంత కష్టమో చెప్పాలి. దాని పేరు ఐటీఆర్-1. దానికే "సహజ్" అని ముద్దుపేరు. మొదటిసారి చూసినవాడికి అందులో సహజమైనది ఏదీ కనిపించదు. లెక్క ఆరో తరగతి లెక్క. కష్టమంతా మాటల్లో ఉంది. ఉదాహరణకి, 2024-25లో సంపాదించిన ఆదాయానికి 2025-26 మదింపు సంవత్సరం అని రాయాలి. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. కానీ రైతుబిడ్డలకి ఇందులో చిక్కేముంది? తొలకరికి నాటుతాం, సంక్రాంతి దాటాక నూరుస్తాం. నాటిన ఏడాది వేరు, గింజ కొలిచిన ఏడాది వేరు. ఇదీ అంతే. 2025లో పార్లమెంటు ఆమోదించిన కొత్త ఆదాయపు పన్ను చట్టం ఈ రెండు పేర్లనీ తీసేసి పన్ను సంవత్సరం అనే ఒకే మాట పెట్టింది. దాని అమలుకి 2026 ఏప్రిల్ 1 తేదీ నిర్ణయించారు.

పోర్టల్‌లో పాన్, ఆధార్ వివరాలతో ప్రవేశిస్తే రెండు పట్టికలు చూడవచ్చు. ఒకటి ఫారం 26ఏఎస్. మన పేరున ఎవరెంత కోసి జమ కట్టారో అందులో ఉంటుంది. రెండోది వార్షిక సమాచార నివేదిక. ఏఐఎస్ అంటారు. 2021లో మొదలుపెట్టారు. అది తెరిచి చూస్తే కళ్లు తిరిగాయి. నాలుగు త్రైమాసికాల వడ్డీ ఉంది. నేను మరిచే పోయిన ఆ 312 రూపాయలు కూడా ఉన్నాయి. నా డబ్బు గురించి మా నాన్నకంటే ప్రభుత్వానికే ఎక్కువ తెలుసు! ఆ అంకెలూ బ్యాంకు ఇచ్చిన పత్రంలో అంకెలూ ఒకటేనా అని సరిచూసుకోవడమే అసలు పని. తరవాత రీఫండ్ పడాల్సిన బ్యాంకు ఖాతా ధ్రువపరచి, దాఖలు చేసి, ఆధార్‌కి వచ్చే ఓటీపీతో ముప్ఫై రోజుల్లోగా నిర్ధారించాలి. నిర్ధారించకపోతే సంతకం లేని అర్జీలాగే అది చెల్లదు. చదువుకోవడానికి నాకు రెండు సాయంత్రాలు పట్టింది. నింపడానికి ముప్పావుగంట.

ఆగస్టులో డబ్బు వచ్చింది. 5,600 కాదు, 5,740. ఆ పై 140 ఏమిటంటారా? మన డబ్బు తమ దగ్గర ఉంచుకున్నందుకు ఏప్రిల్ నుంచి నెలకి నూటికి అర్ధరూపాయి చొప్పున ప్రభుత్వం ఇచ్చిన వడ్డీ. దాన్ని కూడా మరుసటి ఏడాది ఆదాయంలో చూపించాలి. లెక్క అంటే లెక్కే!

ఇంతవరకూ బాగానే ఉంది గానీ, ఏజెంటుకి ఓ అయిదొందలు పారేస్తే వాడే చేసి పెడతాడు గదా, ఈ శ్రమంతా ఎందుకు అనేవారున్నారు. నా అభిప్రాయభేదం సరిగ్గా ఇక్కడే. మా హాస్టల్ మిత్రుడొకడు సాయంత్రాలు ఒక కోచింగ్ సెంటరులో లెక్కలు చెబుతాడు. ఏడాదికి 72,000 ఇచ్చారు. నూటికి పది చొప్పున 7,200 కోశారు. వాడు నెట్ సెంటరుకి వెళితే అక్కడి ఏజెంటు, "వచ్చిన దాంట్లో పాతిక శాతం నాది. పాన్, పాస్‌వర్డ్, ఓటీపీ అన్నీ నాకు చెప్పెయ్. నువ్వేం చూడక్కర్లేదు" అన్నాడట. అంతటితో ఊరుకోలేదు. "ఉద్యోగం చేసే అన్నయ్య ఉంటే తీసుకురా, పార్టీకి చందా ఇచ్చినట్టు రాసి ఇంకా ఎక్కువ తెప్పిస్తా" అన్నాడట.

ఇది ఒక్క ఊరి ముచ్చట కాదు. ఇలాంటి దొంగ మినహాయింపులు రాయించే ముఠాల మీద 2025 జులై 14న ఆదాయపు పన్ను శాఖ దేశవ్యాప్తంగా 150 చోట్ల సోదాలు జరిపింది. ఏజెంటు రాసిన అబద్ధం కింద ఉండేది మన సంతకం. నోటీసు వచ్చేది మన ఇంటికి. అప్పటికి ఆ ఏజెంటు ఫోన్ నంబరు మార్చేసి ఉంటాడు. మన తాతలు వేలిముద్ర వేసి ప్రోనోటు రాసిచ్చి పొలాలు పోగొట్టుకున్నారని కథలుగా చెప్పుకుంటాం. చదువుకున్న మనం, అందులో ఏముందో చూడకుండా ఓటీపీ చెప్పేస్తే, ఆ వేలిముద్రకీ దీనికీ తేడా ఏమిటి? డిగ్రీ చదువుతూ వేలిముద్రగాళ్లుగా మిగలడం మనకు గౌరవం కాదు.

వ్యాపారాలు, పెద్ద జీతాలు, భూముల అమ్మకాలు ఉన్నవాళ్లు ఆడిటరు దగ్గరికి వెళ్లాల్సిందే, కాదనను. నా కోచింగ్ మిత్రుడికి కూడా నేను నింపిన ఫారం పనికిరాదు, వాడి ఆదాయానికి వేరే ఫారం ఉంది. దానికి తెలిసినవారి సలహా అడిగాడు. అడగడం మంచిదే. సలహా అడగడం వేరు, కళ్లు మూసుకుని అప్పజెప్పడం వేరు. మొదటి రిటర్న్ చిన్నది, ఏకంటి లెక్క. ఈత నేర్చుకోవాలంటే ఊరి చెరువే మేలు. రేపు ఉద్యోగాలొచ్చి, లెక్కలు పెరిగాక మొదటిసారి దిగితే అది ఏరు.

ఇప్పుడు నన్ను అన్నిటికంటే ఎక్కువగా ఆలోచింపజేసిన విషయానికి వస్తాను. నా రిటర్న్ పూర్తయ్యాక, అదే పద్ధతిలో నాన్న వ్యవసాయానికి కూడా ఒక లెక్క రాద్దామనిపించింది. మిగిలిన రెండెకరాల్లో ఒకటి వరి, ఒకటి మిరప. నాన్నకి లెక్కల పుస్తకం లేదు. క్యాలెండరు వెనకాల, మందుల కొట్టు బిల్లుల మీద, కమిషన్ కొట్టు వాళ్లిచ్చిన చీటీల మీద చెల్లాచెదురుగా ఉన్న అంకెలు పోగేసి, 2024-25 మిరప ఎకరానికి ఇలా రాశాను. విత్తనం, నారు 14,000. దుక్కి, అంతరకృషి 16,000. ఎరువులు 27,000. పురుగు మందులు 38,000. కోత కూలి 58,000. టిక్కీలు, లారీ కిరాయి, కమిషన్ 18,000. మొత్తం 1,71,000. పంట 18 క్వింటాళ్లు. ఆ ఏడాది ధర ఎలా కూలిందో అందరికీ తెలుసు. 2025 ఫిబ్రవరిలో కేంద్రం మన మిరప రైతుల కోసం మార్కెట్ జోక్యం పథకం కింద క్వింటాలుకి 11,781 రూపాయల ధర ప్రకటించాల్సి వచ్చింది. మాకు సగటున పడింది 10,500. వచ్చింది 1,89,000. మిగిలింది 18,000. అమ్మా నాన్నా రెక్కలు ముక్కలు చేసుకున్న పనికి ఇందులో కూలి కట్టలేదు.

ఒక్కసారి పోల్చి చూడండి. కాలువలో కలిసిపోయిన ఎకరం తాలూకు డబ్బు బ్యాంకులో ఊరికే కూర్చుని 56,000 తెచ్చింది. చేతిలో ఉన్న ఎకరం ఇద్దరు మనుషుల ఏడాది కష్టం మింగి 18,000 ఇచ్చింది. వ్యవసాయ ఆదాయానికి పన్ను లేదని మనం గొప్పగా చెప్పుకుంటాం. పన్ను లేకపోవడం సరే, ముందు ఆదాయమంటూ ఉండాలి గదా!

ఇంకొక్క అంకె. పురుగు మందుల మీద ఆ ఏడాది జీఎస్టీ 18 శాతం. 38,000లో పన్ను భాగం ఎంతో విడదీసి చూస్తే దాదాపు 5,800 అయింది. ఎరువుల మీది 5 శాతం దీనికి అదనం. నా వడ్డీ మీద కోసిన పన్ను 5,600. అది వెనక్కి అడగడానికి ఒక ఫారం ఉంది, పోర్టల్ ఉంది, ఆలస్యానికి వడ్డీ కూడా ఉంది. నాన్న పురుగు మందు మీద కట్టిన 5,800 వెనక్కి అడగడానికి ఏ ఫారమూ లేదు. వ్యాపారస్థుడైతే తాను కొన్న సరుకు మీద కట్టిన జీఎస్టీని అమ్మకం పన్నులో తగ్గించుకుంటాడు. మిరపకాయలు అమ్మే రైతుకి ఆ సౌకర్యం లేదు. పీఎం కిసాన్ కింద ఏడాదికి ఇచ్చే 6,000కి దాదాపు సరిపోయేంత డబ్బు ఒక్క ఎకరం మిరప మందుల మీదే వెనక్కి పోయింది. ఎరువులకి ప్రభుత్వం రాయితీ ఇస్తున్న మాట నిజమే, ఆ సాయాన్ని తక్కువ చెయ్యడం లేదు. కానీ "మేం కట్టే పన్నుల మీద మీరు బతుకుతున్నారు" అని రైతుల్ని ఉద్దేశించి పట్నంలో ఎవరన్నా అంటే, ఇకమీదట నేను తల వంచుకుని ఊరుకోను. మా నాన్న కూడా పన్ను కడుతున్నాడు. రసీదు మీద పేరు లేదంతే.

రిటర్న్ నింపకపోతే ఈ లెక్క నాకు తట్టేది కాదు. నా పట్టుదలంతా అందుకే. రీఫండ్ అనేది పైలాభం. అసలు లాభం, లెక్క రాయడం అలవాటు కావడం. లెక్క ఉన్నవాడే ప్రశ్న అడగగలడు. ఏ ధర గిట్టుబాటు అవుతుందో, ఏ పన్ను ఎవరి నెత్తిన పడుతున్నదో అంకెలతో చెప్పగలిగితే మన మాటకి ఒక బరువు ఉంటుంది. అంకెలు లేకుండా గోడు వెళ్లబోసుకుంటే వినేవాడు జాలిపడి ఊరుకుంటాడు.

రైతు పేరు చెప్పుకునే మరో రకం మనుషుల గురించి కూడా చెప్పకపోతే ఈ వ్యాసం అసంపూర్ణం. వ్యవసాయ ఆదాయానికి మినహాయింపు ఉంది గనుక, ఎక్కడో సంపాదించిన సొమ్ముని పంట డబ్బుగా చూపించి తెల్లగా చేసుకునేవారు ఉన్నారు. కాగ్ 2019లో ఇచ్చిన నివేదికలో, తాము పరిశీలించిన కేసుల్లో అయిదోవంతుకు పైగా సరైన ఆధారాలు చూడకుండానే ఈ మినహాయింపు ఇచ్చేశారని రాసింది. ఇది కొత్త రోగం కాదు. 1972లోనే కె.ఎన్. రాజ్ సంఘం వ్యవసాయ ఆదాయం గురించి నివేదిక ఇచ్చింది. 1973 నుంచి, ఇతర ఆదాయం కూడా ఉన్నవారి విషయంలో వ్యవసాయ ఆదాయాన్ని లెక్కలోకి తీసుకుని పన్ను రేటు నిర్ణయించే పద్ధతి వచ్చింది. సహజ్ ఫారంలో వ్యవసాయ ఆదాయం 5,000 మించితే ఆ ఫారం పనికిరాదు, పెద్ద ఫారంలోకి పోవాలి. ఇన్ని కంచెలున్నా దొంగ గొడ్లు చేలో పడుతూనే ఉన్నాయి.

వ్యవసాయ ఆదాయం మీద పన్ను మాట ఎత్తగానే రాజకీయ పార్టీలన్నీ "రైతు జోలికి రావద్దు" అంటాయి. నా మటుకు నేను, చిన్న రైతు జోలికి ఎవరూ రాకూడదనే అంటాను. కానీ లక్షలూ కోట్లూ పంట డబ్బని రాసేవాడి దగ్గర పట్టాదారు పాసుపుస్తకం, అమ్మకం చీటీలు, ఖర్చుల బిల్లులు అడిగి తీరాలి. ఎకరం మిరపలో 18,000 మిగిలిన మా నాన్న గొడుగు కింద, ఏ పొలం గట్టూ తొక్కనివాడు వచ్చి నిలబడితే, రేపు ఆ గొడుగే తీసేద్దామనే వాళ్లకి అదొక సాకవుతుంది. ఈ మినహాయింపుని కాపాడుకోవాలంటే నిజమైన రైతులే ముందు లెక్క చూపగలగాలి.

చివరగా మన విద్యార్థి సంఘానికి ఒక మనవి. వార్షికోత్సవానికీ, ఆటలకీ, వీడ్కోలు విందుకీ ఎలాగూ ఖర్చు పెడుతున్నాం. ప్రతి ఏడాదీ జులైలో రెండు సాయంత్రాలు సంఘం గదిలో ఒక బల్ల వేయించండి. కామర్సు విభాగం సీనియర్లు కూర్చుంటారు. సైన్సు, ఆర్ట్సు విద్యార్థులు తమ ఫోన్లు, తమ కాగితాలు తెచ్చుకుంటారు. షరతులు మూడు చాలు. ఫీజు లేదు. ఎవరి పాస్‌వర్డూ ఎవరూ అడగకూడదు. నింపేది ఎవరి చేత్తో వాళ్లే. టీడీఎస్, మదింపు సంవత్సరం, 26ఏఎస్, రీఫండ్ వంటి పది పదిహేను మాటలకి తేలిక తెలుగులో అర్థాలు రాసి ఒక్క పేజీ అచ్చువేస్తే, ఆ పేజీ సెలవుల్లో మా ఊళ్లకి కూడా చేరుతుంది. ఉపకార వేతనం మీద పన్ను లేదనీ, డిపాజిట్ వేసిన రోజే 15జీ వంటి పత్రం గురించి అడగాలనీ, పన్ను లేనివాడు కోత డబ్బు వెనక్కి అడిగితే నేరం కాదనీ ఆ పేజీలో ఉండాలి.

అధ్యాపకులకి కూడా ఒక విన్నపం. మాకు మూడేళ్లలో ఎన్నో సమీకరణాలు నేర్పారు, కృతజ్ఞులం. ఒక్క గంట తీసి, ఒక జీతం కాగితాన్నీ ఒక వడ్డీ పత్రాన్నీ నల్లబల్ల మీద విప్పి చెబితే, అవతలి గేటు దాటిన మర్నాటి నుంచే అది మాకు పనికొస్తుంది. ఆడిటర్లుగా, పన్ను శాఖ అధికారులుగా ఉన్న పూర్వ విద్యార్థులు ఈ సంచిక చదువుతుంటారు. ఒక సాయంత్రం మా బల్ల దగ్గరికి వచ్చి కూర్చుంటే మాకు ఎంతో ధైర్యం.

మా ఇంట్లో ఇప్పుడు క్యాలెండరు వెనకాల రాసే అలవాటు పోయింది. నాన్న ఒక రెండొందల పేజీల నోటుపుస్తకం కొన్నాడు. ఈసారి నారు ఖర్చు దగ్గర నుంచీ అందులోనే ఎక్కుతోంది. మీ ఇళ్లలో కూడా అలాంటి పుస్తకం ఒకటి మొదలుపెట్టించండి. జులై వచ్చేసరికి మీ పాన్ కార్డు, బ్యాంకు కాగితాలు ఒకచోట పెట్టుకోండి. బల్ల దగ్గర కలుసుకుందాం.